ఇంటి కొలిమిలో విద్యుత్ పనిముట్లు – భద్రత

కమ్మరి కొలిమిని మీరు చూసే ఉంటారు. మీలో కొందరు అలాంటి ఇంట్లోనే పుట్టి పెరిగి ఉండవచ్చు. ఇనుమును కాల్చి, దాగలి మీద సాగగొట్టి, ఆకురాయితో అంచు దిద్దడం పాత పద్ధతి. ఇప్పుడు చాలాచోట్ల తిత్తి బదులు కరెంటు బ్లోయరు, ఆకురాయి బదులు గ్రైండరు వచ్చాయి. లారీ కమాను పట్టీ ముక్కను కత్తిగా మార్చడానికి పట్టే సమయం బాగా తగ్గింది.

అయితే ఒక తేడా ఉంది. ఆకురాయితో పనిచేసేటప్పుడు కదిలేది మీ చెయ్యి. చెయ్యి ఆపితే పని ఆగుతుంది. గ్రైండరు దగ్గర కదిలేది రాయి. స్విచ్చి కట్టేసిన తరువాత కూడా అది కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఈ పాఠంలోని జాగ్రత్తలు చాలావరకు ఈ తేడా నుంచి పుట్టినవే.

రాయి వేగం ఎంత?

6 అంగుళాల రాయి ఉన్న బెంచి గ్రైండరు సాధారణంగా నిమిషానికి సుమారు 2,850 చుట్లు తిరుగుతుంది. ఆ రాయి చుట్టుకొలత సుమారు 47 సెంటీమీటర్లు. ఈ రెండింటినీ గుణించి చూడండి. రాయి అంచున ఉన్న ఒక్కొక్క రేణువు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో కత్తిని తాకుతోంది. చేత్తో పట్టుకునే 4 అంగుళాల యాంగిల్ గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. దాని అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది.

ప్రతి రాయి మీద, ప్రతి కటింగ్ చక్రం మీద అది తట్టుకోగల గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది. యంత్రం మీద రాసిన వేగం దానికంటే ఎక్కువగా ఉండకూడదు. చక్రం త్వరగా అరిగిపోతోందని కొందరు చిన్న యంత్రానికి గార్డు ఊడదీసి 7 అంగుళాల చక్రం బిగిస్తారు. ఆ చక్రం మీద సాధారణంగా 8,500 అని ఉంటుంది; యంత్రం తిరిగేది 11,000. చక్రం పగిలితే ముక్కలు మనిషి మీదికే వస్తాయి, ఎందుకంటే ఆపవలసిన గార్డును ముందే తీసేశారు. పిడి చెక్క కోయడానికి ఇదే యంత్రానికి పళ్ల రంపపు బిళ్ల తగిలించడం అంతకంటే ప్రమాదకరం. ఆ పని చేయవద్దు. పిడికి చేతి రంపం చాలు.

కొత్త రాయి బిగించే ముందు దాన్ని ఒక వేలికి తగిలించి, సుత్తి చెక్కపిడితో మెల్లగా తట్టండి. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అలాగే. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్లు. బిగించాక ఒక నిమిషం పాటు ఊరికే తిరగనివ్వండి. ఆ నిమిషం రాయికి ఎదురుగా నిలబడకుండా పక్కకు ఉండండి.

కత్తి ఎటు పోతుంది?

ఇక్కడ చదవడం ఆపి, మీ దగ్గర గ్రైండరు ఉంటే ప్లగ్గు తీసి దాని ముందు నిలబడండి. రాయి మీది బాణం గుర్తు చూడండి. మీవైపు ఉన్న ముఖం పైనుంచి కిందికి తిరుగుతుంది. కాబట్టి కత్తి పట్టు తప్పితే కిందికి, మీ తొడలవైపు, పాదాలవైపు వస్తుంది. ఏ యంత్రం దగ్గరైనా పని మొదలుపెట్టే ముందు ‘ఇప్పుడిది చెయ్యి జారితే ఎటు పోతుంది?’ అని అడగండి. ఆ దారిలో మీ శరీరం ఉండకూడదు.

రాయి ముందున్న ఆనుడు పట్టీకీ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. రాయి అరిగేకొద్దీ ఈ సందు పెరుగుతుంది. పలుచని కత్తి మొన ఆ సందులోకి దిగితే ఇరుక్కుంటుంది. రాయి కూడా పగలవచ్చు. యంత్రం పూర్తిగా ఆగాకే పట్టీని దగ్గరకు జరపండి.

నిప్పురవ్వలు లేవని, మెత్తని గుడ్డేనని చాలామంది మెరుగుపెట్టే బఫ్ చక్రానికి భయపడరు. కత్తి తయారీలో అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసింది దాని దగ్గరే. గుడ్డ పొరలు కత్తి మొననో పదునైన అంచునో పట్టుకున్నాయంటే చేతిలోంచి లాగి విసిరేస్తాయి. మీవైపు ముఖం కిందికి తిరిగే బఫ్ మీద, చక్రం మధ్యభాగానికి కిందనే కత్తిని ఆనించండి. పదును ఎప్పుడూ చక్రం తిరిగి పోయేవైపు, అంటే కిందికి ఉండాలి. పైకి ఉంటే గుడ్డ దానికి ఎదురు వచ్చి తగులుతుంది. కత్తి నేలకు తగిలి పైకి ఎగరవచ్చు కనుక కాళ్లకు చెప్పులు చాలవు. మూసి ఉన్న బూట్లు కావాలి. వీలైతే పదును పెట్టకముందే మెరుగు పని ముగించండి.

డ్రిల్లింగ్ యంత్రంతో పిడిలోకి దిగే తోకకు రంధ్రం వేసేటప్పుడు కత్తిని చేత్తో పట్టుకోవద్దు. బిట్టు అవతలికి దిగే క్షణంలో లోహాన్ని పట్టుకుంటుంది, కత్తి ఫ్యాను రెక్కలా తిరుగుతుంది. అడుగున చెక్క పెట్టి, క్లాంపుతో బిగించండి.

చేతికి తొడుగులు వేసుకోవాలా?

కొత్తగా నేర్చుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. బెంచి గ్రైండరు, బఫ్, డ్రిల్లు దగ్గర తొడుగులు వద్దు. గుడ్డ చిక్కుకుంటే వేలు కూడా వెంట పోతుంది. చీర కొంగు, తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా, విడిచిన జుట్టు, చేతి కంకణం కూడా అంతే. కొంగును నడుముకు గట్టిగా దోపి, జుట్టు ముడి వేసుకోండి. యాంగిల్ గ్రైండరును రెండు చేతులతో పట్టుకుని వాడతాం కాబట్టి అక్కడ తోలు తొడుగులు వాడవచ్చు. ఉత్త చేతితో పట్టుకోవడంలో పనికి కూడా లాభముంది. కత్తి వేడెక్కడం వేళ్లకు ముందే తెలుస్తుంది. నీటిలో ముంచి మళ్లీ నూరండి. అంచు నీలిరంగు తిరిగిందంటే అక్కడ పట్టిన పదను పోయినట్టే.

చూపు కోసం పెట్టుకునే అద్దాలకు పక్కలు తెరిచి ఉంటాయి. పక్కలు మూసిన గాగుల్సు కావాలి. ఇనుము పొడి, చెక్క పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. మూతికి కట్టుకున్న తువ్వాలు సన్నని ధూళిని ఆపలేదు. దుమ్ము కోసం తయారైన మాస్కు వాడండి. చెక్క పొడి, బఫ్ గుడ్డ పీచు ఉన్నచోట నిప్పురవ్వలు పడనివ్వవద్దు. అవి లోలోపల రాజుకుని, మీరు తలుపు వేసి వెళ్లాక మండవచ్చు.

కరెంటు

కత్తి ముంచే నీళ్ల తొట్టి పక్కనే యంత్రం ఉంటుంది కనుక ఎర్తు తప్పనిసరి. ఇనుప ఒళ్లున్న యంత్రానికి మూడో పిన్ను తీసేసి రెండు పిన్నులతో నడపడం ప్రాణానికే ముప్పు. షెడ్డుకు వచ్చే లైనులో 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. విద్యుత్తు లీకయితే అది వెంటనే సరఫరా నిలిపివేస్తుంది. పని మధ్యలో కరెంటు పోతే ముందు స్విచ్చి కట్టేయండి. లేకపోతే మీరు టీ తాగుతుండగా కరెంటు వచ్చి, యంత్రం తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. ఇంట్లో పిల్లలుంటే పని అయ్యాక ప్లగ్గు తీసివేయండి.

దెబ్బ తగిలితే

తెగిన గాయంలో కాఫీ పొడి, పసుపు వేయవద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, ఆ చేతిని పైకెత్తి ఉంచి ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం టీకా సంగతి అక్కడ అడగండి. కంట్లో ఇనుప రవ్వ పడితే నలపకండి, ఎవరిచేతా గుడ్డ కొసతో తీయించుకోకండి. కంటి వైద్యుని దగ్గరకు వెళ్లి, ఏ యంత్రం మీద ఏ లోహం నూరుతుండగా పడిందో చెప్పండి.