మోటారుబండికి ఆఱునెలల నిద్ర

దసరా పండుగకు మా దువ్వూరిలో ట్రాక్టర్లకును, మోటారు సైకిళ్లకును, వరికోత యంత్రములకును పసుపుకుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించుట ప్రతియేట జరుగునదే. మా యింట ఆ పూజ ముగిసిన మఱునాటినుండి వేఱొక పని మొదలగును. విజయదశమి వెళ్లిన వారము పదిదినములలో నేను అమెరికాలోని మిషిగను రాష్ట్రమున నున్న పెద్దకుమార్తె యింటికి ప్రయాణము కట్టుదును. ఉగాది నాళ్లకు గాని తిరిగి రాను. అంతవఱకు మా అంబాసిడరు కారు ఇంటి వెనుకటి షెడ్డులో ఒంటరిగా నుండవలెను. దానిని క్షేమముగా నిద్రపుచ్చి పోవు విధానమును గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ బండిని మావారు 1984లో కొనిరి. చిన్నకుమార్తె పురుటికి నన్ను ప్రొద్దుటూరు చేర్చినది అదియే. పిల్లలను కడపలో కాలేజీకి దిగవిడిచి వచ్చినదియు అదియే. 2016లో వారు ఆసుపత్రినుండి కడసారి ఇంటికి వచ్చినదియు అందులోనే. “ఇనుమే గదమ్మా, అమ్మేస్తే పోయె” నని మా అబ్బాయి యనును. అమ్మినచో ఎవరును దానిని నడపుకొనరు, తూకమునకే పోవునని నాకు తెలియును. అంబాసిడరును బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివరనుండి 2014 వఱకు తయారు చేసిరి. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు దానికి మూలరూపము. అది మరల రాబోవు వస్తువు గాదు. ఉన్నదానిని కాపాడుకొనుటయే మనచేతిలోని పని.

కాపాడుకొనుట నాకు మొదట తెలియలేదని యొప్పుకొనవలెను. 2018లో మొదటిసారి నేను అమెరికా పోయినప్పుడు, బండిని షెడ్డులో నిలిపి, చేతిబ్రేకు గట్టిగా లాగి, పసుపు కల్లమున కప్పు టార్పాలిను ఒకటి తెచ్చి నాలుగువైపుల బిగించి కట్టించి, ఎంతో జాగ్రత్త చేసితి ననుకొని పోయితిని. ఏప్రిల్ నెలలో వచ్చి విప్పి చూతును గదా, టార్పాలిను అంటియున్న చోటులనెల్ల రంగు పొక్కులెత్తియున్నది. బ్యాటరీ చచ్చినది. వెనుకచక్రములు బ్రేకులకు పట్టుకొని కదలవు. టైర్లు నేలనంటిన భాగమున పలకలు దేఱినవి. బానెట్టు ఎత్తగా, సీటులోని దూదితో కట్టిన గూడు, అందు కన్నులు తెఱవని ఎలుకపిల్లలు! కొఱుకుటకు వానికి తీగెలకన్న రుచియైనది దొరకనట్లున్నది. బాగుచేయించుటకు ఒక పాడిబఱ్ఱె వెల యైనది. ప్రొద్దుటూరినుండి వచ్చిన ముసలి మెకానిక్కు చేతులు తుడుచుకొనుచు, “బండి తిరిగితే చెడదమ్మా, పండుకుంటేనే చెడేది. పండుకోబెట్టేదానికీ ఒక పద్ధతుంది” అనెను. ఆ పద్ధతిలో సగము ఆయనయొద్దనే నేర్చితిని.

మిగిలిన సగము మిషిగనులో చూచి నేర్చినది. మా అమ్మాయి యింటి యెదుట నివసించు వృద్ధుడొకడు మంచు పడుటకు ముందే తన పాతకారును గ్యారేజిలో చేర్చి, వసంతము వచ్చువఱకు బయటికి తీయడు. అచ్చట రోడ్లమీది మంచు కరగుటకు ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు బండి అడుగుభాగమున చేరి ఇనుమును తినివేయును. రేడియేటరులో వట్టి నీరున్నచో గడ్డకట్టి, ఉబ్బి, ఇంజనునే పగులగొట్టును. ఆయన జాగ్రత్తలన్నియు చూచి ఇంటికి వచ్చి ఆలోచింపగా, మన శత్రువులు వేఱని తోచినది. మనకు గడ్డకట్టు చలి లేదు. ఈశాన్య ఋతుపవనములు అక్టోబరునుండి డిసెంబరు వఱకు తెచ్చు తేమ యున్నది. కె.సి. కాలువ క్రింది వరిపొలముల నడుమ ఊరు గనుక ఎలుకలకు కొదువలేదు. మార్చి దాటగానే నలుబది డిగ్రీలకు పైబడు ఎండ యున్నది. కావున ఆయన పద్ధతిని ఉన్నదున్నట్లు అనుసరింపక, మన ఊరికి తగినట్లు మార్చుకొంటిని.

మొదటి పని కడుగుట. పూజనాటి పసుపుకుంకుమలను రంగుమీద ఆఱునెలలు ఉంచరాదు; కుంకుమలో సున్నము కలియును, నిమ్మరసము పులుపు, రెండును మచ్చలు వేయును. దేవుని బొమ్మయెదుట పెట్టిన బొట్టు చాలును. మడ్గార్డుల లోపలి బురదను గొట్టముతో కడుగవలెను, ఏలయన తుప్పు పుట్టునది అచ్చటనే. కడిగినపిమ్మట ఒక దినము ఎండలో నిలిపి, తలుపుల క్రింది రంధ్రములు మూసికొని పోలేదని చూచి, సంపూర్ణముగా ఆఱనిచ్చి మైనము రుద్దుదును. మెఱయు బంపర్లకు వాసెలీను పలుచగా పూసిన చాలును. రబ్బరునకు మాత్రము ఏ నూనెయు తగిలింపరాదు, ఉబ్బి మెత్తబడును.

పిమ్మట మైదుకూరు వఱకు పోయి వచ్చి, ఇంజను వేడిగా నున్నప్పుడే పాతనూనె దింపించి క్రొత్తది పోయింతును. “వచ్చినాక ఎట్లా మారుస్తావు గదా, ఇప్పుడెందుకు దండుగ?” అని మా అబ్బాయి వాదము. పాతనూనెలో మసియు, ఆమ్లములును, తేమయు చేరియుండును; ఆ మురికిలో ఇంజను లోపలి భాగములను ఆఱునెలలు నానవేయుట ఎట్టిదో, అంట్లగిన్నెలను కడుగక బోర్లించి ఊరికి పోవుట అట్టిది. రేడియేటరులో వట్టినీరు పోయు అలవాటు మనవారికి మెండు. గడ్డకట్టునను భయము లేకున్నను, తుప్పు పట్టకుండుటకైనను కూలెంటు పోయవలసినదే.

పెట్రోలు విషయమున రెండు పక్షములున్నవి. ట్యాంకు ఖాళీచేసి పోవలెనని కొందఱు, నింపి పోవలెనని కొందఱు. ఖాళీట్యాంకులో గాలి చేరును, గాలితోపాటు తేమ, తేమతోపాటు తుప్పు; కాబట్టి నేను రెండవ పక్షమే. అయితే 2025 నాటికి మన దేశమున బంకులలో నిరువదిపాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలే సర్వత్ర వ్యాపించినది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. నీరు మితిమీరినచో ఆ రెండును కలిసి ట్యాంకు అడుగున వేఱుపొరగా నిలుచును. పాతబండ్ల రబ్బరు గొట్టములకును అది గిట్టదు. అందుచేత గొట్టములను క్రొత్తరకమువానితో మార్పించితిని. నిలువయుంచు పెట్రోలులో కలుపుటకు అమ్ము మందును సీసాపై వ్రాసిన కొలత ప్రకారము కలిపి, వేడికి వ్యాకోచించుటకు కొంచెము చోటు విడిచి ట్యాంకు నింపి, మూత బిగింతును. కార్బురేటరులో మాత్రము చుక్క మిగులనీయను. అందెండిన పెట్రోలు జిగురై సన్నని రంధ్రములను మూసివేయును.

ఇక అన్నిటికన్న నాకిష్టమైన పని. నాలుగు స్పార్కు ప్లగ్గులు తీసి, ఒక్కొక్క రంధ్రమున ఒక చెంచాడు ఇంజను నూనె పోసి, వెనుకచక్రమొకటి జాకీపై ఎత్తి, ముందుచక్రములకు అడ్డుకఱ్ఱలు వేసి, టాపు గేరులో ఆ చక్రమును చేతితో త్రిప్పవలెను. అంబాసిడరు వెనుకచక్రములతో నడచు బండి గనుక, చక్రము తిరిగినచో లోపలి పిస్టనులును కదలి, నూనె సిలిండర్ల గోడలకు పట్టును. ప్లగ్గుల రంధ్రములనుండి ఉస్సురుమని గాలి వచ్చుచుండ, ఆ పెద్ద యంత్రము ఊపిరి తీసినట్లే యుండును. దీనికి మగవాని బలము అక్కఱలేదు. ప్లగ్గులు తీసియున్నప్పుడు అరువదియేండ్ల నాచేతికే తిరుగును. పిదప ప్లగ్గులను మరల బిగింపవలెను.

బ్యాటరీని విప్పునప్పుడు బండి దేహమునకు కలిపిన తీగెను మొదట విప్పవలెను. బట్టీపట్టిన నీరే పోసి, బల్లమీద పెట్టి, నెలకొకసారి ఛార్జి చేయుటకు ప్రక్కయింటి యమ్మాయికి అప్పగింతును. ఛార్జి అగునప్పుడు దానినుండి మండుగాలి వచ్చును గనుక వంటయింట ఉంచరాదు.

చేతిబ్రేకు సడలింపవలెను, అదియే నా మొదటి తప్పు. ఇరుసుల క్రింద వేపదూలపు దిమ్మెలు పెట్టి చక్రములను నేలనంటకుండ నిలుపుదును. మన ప్రాంతమున చౌకగా దొరకునని నాపరాళ్లు పేర్చువారున్నారు. అవి పలకలుగా పగులు రాళ్లు, వానిని నమ్మరాదు. ఇటుకలును తగవు. వట్టి జాకీమీద నిలిచిన బండిక్రిందికి ఎవరును, ఎంత తొందరయైనను, దూరరాదు.

ఎలుకల సంగతి. కలరాయుండలు, పొగాకు, కర్పూరము అన్నియు వాడి చూచితిని. కలరాయుండ ప్రక్కననే ఎలుక పెంటికలు కనబడినపిమ్మట వానిపై నమ్మకము పోయినది. షెడ్డులో తిండి లేకుండుటయే మందు. వేరుసెనగ సంచి, వడ్లబస్తా, గడ్డిమోపు ఏదియు అచ్చట చేరనీయరాదు. యూరియా బస్తాలును వద్దు. ఎరువుల తేమ ఇనుమునకు విషము. పొగగొట్టమునకు ఇనుపజల్లెడ కట్టి, అది మఱచిపోకుండ స్టీరింగుకు ఎఱ్ఱగుడ్డ ముడివేయుదును. బానెట్టు తెఱచియే యుంచుదును, వెలుతురున్న చోట అవి గూడు కట్టుటకు వెనుదీయును. సీట్లమీద ఎండిన వేపాకు పఱచుట మా అమ్మ పట్టుచీరెల పెట్టెనుండి తెచ్చుకొన్న వాడుక. అది పురుగులకే గాని ఎలుకలకు గాదు. పైని కప్పునది పాత నూలుదుప్పట్లు కుట్టిన ముసుగు. టార్పాలిను మరల ముట్టలేదు.

ఇంత చేసి పోయినను, “వారానికోసారి స్టార్టు చేసి అయిదు నిమిషాలు ఉంచుతాము లెండి” అని మేలుకోరి చెప్పువారుందురు. నేను చేతులు జోడించి వద్దందును. పెట్రోలు మండినప్పుడు నీటియావిరి పుట్టును; ఇంజను బాగుగా వేడెక్కనిచో ఆ నీరు నూనెలోను, సైలెన్సరులోను నిలిచిపోవును. నడపినచో పదిమైళ్లైన నడపవలెను, లేనిచో కదలింపక విడువవలెను. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపుట బండికి మాట యటుండగా మనుష్యులకే ప్రాణాంతకము; ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు.

కాగితముల గడువులను పోకముందే చూచుకొనవలెను. సొంతకార్లకు మొదట పదునైదేండ్లకును, పిమ్మట అయిదేసి యేండ్లకును రిజిస్ట్రేషను పొడిగింపవలెను. మాది 2024లో చేయించితిమి, మరల 2029లో. ఏబదియేండ్లు దాటి, మూలరూపము చెడని బండ్లకు పురాతన వాహనములుగా ప్రత్యేక రిజిస్ట్రేషను నిచ్చు నియమములు 2021లో వచ్చినవి. మా బండికి ఆ వయస్సు 2034లో నిండును. మా అబ్బాయికి ఈ మాట చెప్పగా, కొంతసేపు ఏమియు అనలేదు. తరువాత “అప్పటిదాకా నువ్వే చూసుకోవాలి మఱి” అనెను. ఇది అమ్ముమనుటకన్న మేలే గదా.

బండిని లేపుటయు నిదానముగానే. ఎఱ్ఱగుడ్డ విప్పి, పొగగొట్టపు జల్లెడ తీసి, తీగెలు చూచి, ట్యాంకు అడుగునుండి కొంచెము పెట్రోలు గాజుసీసాలోనికి పట్టి వెలుతురున నిలుపుదును. క్రింద వేఱుపొర కనబడినచో ట్యాంకంతయు దింపవలసినదే. ఈ పని ఆరుబయట, నిప్పునకు దూరముగా చేయవలెను. ప్లగ్గులు తీసి చక్రమును మరల చేతితో త్రిప్పి, నూనె అంతట తగిలినపిమ్మటనే బ్యాటరీ కలుపుదును. బ్రేకులు పట్టుచున్నవని వాకిటిలో చూడక వీధిలోనికి పోను.

ప్రక్కయింటి యమ్మాయి డిగ్రీ చదువుచున్నది. గడచిన దసరాకు నాతో కూర్చుండి ప్లగ్గులన్నియు తానే తీసినది. చక్రము త్రిప్పగా వచ్చిన గాలికి ముఖము పెట్టి నవ్వి, “అవ్వా, ఏప్రిల్‌లో నువ్వొచ్చినాక ఒక్కసారి నేను తోలుతా” అని యడిగెను. లైసెన్సు తెచ్చుకొమ్మంటిని.