వివాహ వేడుకకు సంగీతం: ఎంపిక పద్ధతి

లక్ష్యాలు
ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• వివాహంలో సంగీతం చేసే పనులను గుర్తించగలుగుతారు.
• ఒక్కో ఘట్టానికి తగిన సంగీతాన్ని ఎంచుకోగలుగుతారు.
• పాటించవలసిన చట్ట నియమాలను వివరించగలుగుతారు.

1. పరిచయం
హైదరాబాదులో అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల్లో గుడి, చర్చి, దర్గా నడిచే దూరంలోనే ఉంటాయి. ముహూర్తాల రోజుల్లో ఇక్కడ సన్నాయి మేళం, బ్యాండు, మార్ఫా, క్రైస్తవ కీర్తన అన్నీ వినవచ్చు. పెళ్ళికి సంగీతం అనగానే చాలామంది నచ్చిన పాటల జాబితా రాసుకుంటారు. అంతకంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ఘట్టంలో అందరికీ వినబడవలసింది ఏమిటి? జవాబు దొరికితే ఎంపిక సులువవుతుంది.

2. సంగీతం చేసే పనులు

2.1 సంకేతం: మంగళసూత్రధారణ వేళ పురోహితుడు సైగ చేయగానే సన్నాయి, డోలు ఒక్కసారిగా ఉధృతంగా మోగుతాయి. ఇదే గట్టిమేళం. తుమ్ము వంటి అపశకునపు చప్పుళ్ళు వినబడకుండా ఉండటానికి అని పెద్దలు చెబుతారు. దీనికి మరో ప్రయోజనం కూడా ఉంది. పందిట్లో దూరంగా కూర్చున్నవారికి సైతం అక్షతలు వేయవలసిన క్షణం తెలుస్తుంది. రికార్డు చేసిన పాట ఈ పని సరిగా చేయలేదు. పురోహితుడు కాస్త ఆలస్యం చేస్తే మేళగాడు ఆగుతాడు; రికార్డు ఆగదు.

2.2 మాటకు చోటివ్వడం: నికాహ్‌లో వధూవరుల అంగీకారం సాక్షులకు వినబడాలి. చర్చిలో ప్రమాణాలు, హిందూ వివాహంలో మంత్రాలు కూడా అంతే. ఈ ఘట్టాల్లో మౌనమే తగిన ఎంపిక.

2.3 ఊరేగింపు: ఇక్కడ దూరానికి వినబడే వాద్యం కావాలి. హైదరాబాదీ పెళ్ళి ఊరేగింపుల్లో వినిపించే మార్ఫా, నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బులు, సిద్దీల ద్వారా నగరానికి వచ్చింది. నాంపల్లికి దగ్గరలోని ఏసీ గార్డ్స్ పేరులో ఉన్నది ఆ ఆఫ్రికన్ అశ్వికదళమే. నేడు అన్ని మతాలవారి ఊరేగింపుల్లోనూ మార్ఫా మోగుతోంది.

2.4 ఇంటివారి గొంతు: తెలుగు పెళ్ళిలో అలక పాటలు, బంతులాట పాటలు, వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు, అప్పగింతల పాటలు ఆడవారివి. ముస్లిం ఇళ్ళలో దక్కనీ ఉర్దూలో సాగే ఢోలక్ గీతాలూ అలాంటివే. మామూలుగా పైకి అనలేని మాటను వియ్యపురాలితో పాటగా అనవచ్చు. డీజే పెట్టెలు మోగితే మొదట వినబడకుండా పోయేది ఈ గొంతులే. ఈ పాటల్లో చాలావాటిని ఎవరూ రాసిపెట్టలేదు, పాడేవారితోనే పోతాయి.

3. సందర్భం, అర్థం
ఒక రచన పెళ్ళిపాట కావడానికి వాడుకే ప్రధాన కారణం. చర్చి వివాహాల్లో వధువు ప్రవేశానికి వాయించే బాణీ వాగ్నర్ ఒపెరా ‘లోహెన్‌గ్రిన్’ (1850) లోది. ఆ కథలో అది పెళ్ళి ముగిశాక పాడే పాట. తిరిగి వెళ్ళేటప్పుడు వాయించే మెండెల్‌సన్ మార్చ్ 1842లో ఒక నాటకం కోసం రాసినది. 1858లో విక్టోరియా రాణి పెద్ద కుమార్తె వివాహంలో వాయించిన తర్వాత ఈ మార్చ్ ప్రపంచమంతా వ్యాపించింది. తెలుగు క్రైస్తవులకు పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు తెలుగులోనే కూర్చిన కీర్తనలు కూడా ఉన్నాయి. హిందూ వివాహాల్లో త్యాగరాజు సీతాకల్యాణ కీర్తనకు అలాంటి స్థానమే ఉంది.

4. ఎంపిక క్రమం
(అ) ఘట్టాలన్నీ వరుసగా రాయండి. ప్రతిదాని పక్కన ‘మాట’, ‘సంకేతం’, ‘సందడి’, ‘పాట’ అని గుర్తు పెట్టండి.
(ఆ) పురోహితుడు, ఖాజీ లేదా పాస్టరుతో ముందుగా మాట్లాడండి. చర్చిలో ఏ పాటకు అనుమతి ఉందో అడగండి.
(ఇ) ఇంట్లో పాడగల పెద్దలకు కనీసం అరగంట కేటాయించండి. ఆ సమయంలో మైకు వారిదే. వీలైతే రికార్డు చేయండి.
(ఈ) వాద్యకారులతో పారితోషికం, వేళలు, భోజనం ముందే మాట్లాడుకోండి. తెలుగునాట సన్నాయి, డోలు ఎక్కువగా నాయీబ్రాహ్మణ కుటుంబాల వారసత్వ విద్య. అందరితోపాటు వారికీ గౌరవంగా వడ్డించడం ఆతిథ్యంలో భాగం.

5. చట్ట నియమాలు
శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. ఆస్పత్రులు, కోర్టులు, విద్యాసంస్థల చుట్టూ కనీసం 100 మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. నాంపల్లిలో కోర్టులు, పక్కనే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆస్పత్రి ఉన్నాయి. కాబట్టి ఊరేగింపు దారిని చూసి నిర్ణయించుకోండి. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52 వివాహ ఊరేగింపునూ, పెళ్ళికి సంబంధించిన సామాజిక వేడుకలనూ మినహాయించింది. ఆ మినహాయింపు ఎంతవరకు అన్నదానిపై కోర్టుల్లో వివాదాలు నడిచాయి. అందుచేత హాలువారి షరతులను ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

6. సారాంశం
సంగీతాన్ని ఘట్టాన్ని బట్టి ఎంచుకోవాలి. మాట ఉన్నచోట మౌనం, సంకేతం ఉన్నచోట ఎదుటే ఉండి వాయించే మేళం, ఊరేగింపులో సందడి, ఇంట్లో ఇంటివారి పాట ఉండాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. గట్టిమేళం ప్రయోజనాలేమిటి?
2. మీరు చూసిన ఒక పెళ్ళిలోని ఘట్టాలను 4(అ) పద్ధతిలో వర్గీకరించండి.
3. మీ ఇంట్లోని పెద్దల నుంచి ఒక పెళ్ళిపాట సేకరించి, దాన్ని ఏ సందర్భంలో పాడేవారో రాయండి.