తీరాన నిలబడితే ఎత్తు మైనస్!

కళింగపట్నం ఇసుకలో, అల కాలికి తగిలేచోట సర్వేయర్ల రోవర్ కర్ర (ఉపగ్రహ సంకేతాలతో స్థానం కొలిచేది) నిలబెట్టి, ఉపగ్రహాల లెక్కను ఏ సవరణా లేకుండా చూడండి. ఎత్తు అంకె ముందు మైనస్ గుర్తు ఉంటుంది. అదీ ఒకటీ రెండూ కాదు, అరవై మీటర్ల పైచిలుకు! యంత్రం పాడవలేదు. ఉపగ్రహాల లెక్కకు సముద్రమట్టంతో పనిలేదు. భూమిని ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన నున్నటి గోళంగా ఊహించుకుని అక్కణ్ణుంచి కొలుస్తారు. మన వైపు గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి అసలు నీటిమట్టం ఆ ఊహాగోళం కంటే బాగా కిందికి దిగింది. ఈ పల్లం అడుగు శ్రీలంకకు దక్షిణాన ఉంది. లోతు 106 మీటర్లు, ప్రపంచంలో దీన్ని మించింది లేదు. 1948లో డచ్చి శాస్త్రవేత్త వెనింగ్ మైనెజ్ దీన్ని గుర్తించాడు.

ఈ నీటిమట్టాన్ని పైనుంచి ఉపగ్రహంతో కొలిచి సెంటీమీటర్లలో చెప్పాలంటే, ముందు ఉపగ్రహం ఎక్కడుందో సెంటీమీటర్లలో తెలియాలి. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి వెళ్లిన ‘సరళ్’ ఉపగ్రహంలో అందుకే ఫ్రాన్సువాళ్ల ‘డోరిస్’ పరికరం పెట్టారు. జీపీఎస్‌లో ఉపగ్రహం మాట్లాడితే నేల వింటుంది. డోరిస్‌లో తలకిందులు: నేలమీది బీకన్లు మాట్లాడతాయి, పైనున్నది వింటుంది. దగ్గరికొచ్చే రైలు కూత, దూరమయ్యే రైలు కూత వేరుగా వినిపించినట్టే ఆ సంకేతమూ మారుతుంది. ఆ తేడాను బట్టి, దాదాపు 800 కిలోమీటర్ల పైనున్న సరళ్ ఎత్తును రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో పట్టేస్తారు.

నేలైనా కుదురుగా ఉందా అంటే అదీ లేదు. 1862లో సర్వే అధికారి కెప్టెన్ బసెవీ, మిగతా కొలతలకు ఆధారమయ్యే విశాఖపట్నం బేస్‌లైన్ కొలిచాడు. పదేసి అడుగుల కడ్డీలను వరసగా పేర్చుకుంటూ, మైళ్ల పొడవునా! భారత ఫలకం ఏటా సుమారు ఐదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతోంది. బసెవీ కొలిచిన నేల, దాంతోపాటు విజయనగరం కోటా, అరసవల్లి గుడీ అప్పటినుంచి ఎనిమిది మీటర్లు ప్రయాణించాయన్నమాట. గట్టు జరిగిందని తగువులాడుకునే దాయాదులకు ఈ సంగతి చెప్పకపోవడమే మేలు.

గట్ల సంగతికొస్తే, 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేకు ఆంధ్రప్రదేశ్ అంతటా 70 బేస్‌స్టేషన్లు పెట్టారు. సర్వేయరు కర్రమీది బుడగను మధ్యకు తెచ్చి, తెరమీద ‘ఫిక్స్’ పడేదాకా ఆగుతాడు. పడిందంటే తేడా కొద్ది సెంటీమీటర్లే. చిక్కటి జీడితోటలోకి వెళ్తే ‘ఫ్లోట్’ అని, అంటే లెక్క ఇంకా కుదరలేదని సతాయిస్తుంది.

హద్దు తగువు నేలమీదే కాదు, సముద్రంలోనూ ఉంది. రాష్ట్రంలో అతి పొడవైన తీరం శ్రీకాకుళానిదే, 193 కిలోమీటర్లు. అయినా ఇక్కడి మత్స్యకారులు వేట కోసం గుజరాత్ వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు సరిహద్దు దాటారంటూ పాకిస్థాన్‌కు చిక్కారు. 2020 జనవరిలో 20 మంది వాఘా మీదుగా ఇల్లు చేరారు. ‘తండేల్’ సినిమాకు ఆధారం వీళ్ల కథే. సముద్రంలో సర్వేరాళ్లు ఉండవు మరి. ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు అమర్చే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. సెల్ సిగ్నల్ అందని చోటా పడవ, ఒడ్డు మాట్లాడుకోవచ్చు. సరిహద్దు గీత దగ్గరపడితే హెచ్చరిక వస్తుంది.