వయసు మీరిన పొడి చర్మానికి ఏ క్రీము?

స్నానం చేసి వచ్చి పావుగంటయినా కాకముందే మోకాళ్ళ కింద చర్మం బిగుసుకుపోతోందా? గోటితో గీస్తే తెల్లటి చార పడుతోందా? రాత్రి పక్కమీదకి చేరగానే పిక్కలూ, వీపూ దురదపెట్టి నిద్ర పట్టటం లేదా? మీకు ఏభై దాటి ఉంటే ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. అలాగని, "వయసు వచ్చాక ఇంతే" అని సరిపెట్టుకోవలసిన పనీ లేదు. గోకి గోకి పుండ్లు చేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళలో చాలామందికి ముందునుంచీ సరైన క్రీము రాసుకునే అలవాటు ఉంటే సరిపోయేది.

సరైన క్రీము అంటే ఏది? దుకాణంలో అడిగితే పది సీసాలు వరసగా పెడతారు. ఒకదానిమీద బాదంపప్పు బొమ్మ, ఒకదానిమీద కలబంద, మరోదానిమీద కుంకుమపువ్వు. బొమ్మల్ని నమ్మకండి. సీసాను వెనక్కి తిప్పి, సన్నటి అక్షరాల్లో అచ్చువేసిన పదార్థాల జాబితా చదవండి. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోతే పక్కన ఉన్న అబ్బాయి చేత చదివించుకోండి, మొహమాటపడకండి. ఎక్కువ పాళ్ళలో ఉన్నవి ముందు, తక్కువ పాళ్ళవి తర్వాత వేస్తారు. నూటికి ఒక పాలు కూడా లేనివి చివర్లో ఏ వరసలోనైనా ఉండవచ్చు. బాదం నూనె పేరు ఆ తోకలో ఎక్కడో ఉంటే మీరు కొంటున్నది బాదం బొమ్మనే అన్నమాట!

ఆ జాబితాలో ఏం వెతకాలో తెలియాలంటే చర్మం సంగతి కొంచెం తెలియాలి. చర్మపు పైపొర ఇటుకల గోడ లాంటిది. ఎండిన కణాలు ఇటుకలు. వాటి మధ్య సున్నంలాగా పట్టి ఉంచేవి కొన్ని కొవ్వులు: సెరమైడ్లు, కొలెస్టరాల్, ఫాటీ ఆమ్లాలు. (గుండె డాక్టరు తగ్గించమనే కొలెస్టరాలే ఇక్కడ గోడను నిలబెడుతుంది.) వయసు మీరేకొద్దీ ఈ కొవ్వుల తయారీ మందగిస్తుంది. ముట్లుడిగిన తర్వాత స్త్రీలలో నూనె గ్రంథులు కూడా నెమ్మదిస్తాయి. సున్నం రాలిన గోడకు బీటలు పడతాయి. ఆ బీటల్లోంచి ఒంట్లోని తేమ గాలిలో కలిసిపోతుంది.

పొడి చర్మానికి కావలసింది నూనె అని మనలో చాలామంది నమ్మకం. 1952లో ఇర్విన్ బ్లాంక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఎండి గట్టిపడిన చర్మపు ముక్కల్ని నూనెల్లో ఉంచి చూశాడు. అవి పెళుసుగానే ఉండిపోయాయి. నీటి తేమ తగిలాకనే మెత్తబడ్డాయి. కాబట్టి చర్మానికి కావలసింది నీరు. ఆ నీటిని బయటికి పోనివ్వకుండా మూతపెట్టటం నూనె పని. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే క్రీము ఎంచుకోవటంలో సగం చిక్కు విడిపోయినట్లే.

తేమను పట్టి ఉంచే వాటిలో మొదట చెప్పవలసింది గ్లిజరిన్. చవక, మంచిది, దాదాపు అందరికీ పడుతుంది. పన్నీరులో గ్లిజరిన్ కలిపి రాసుకున్న మన అమ్మమ్మలు తెలివితక్కువవాళ్ళేమీ కారు. కలపకుండా రాస్తే మాత్రం జిగటగా ఉండి, పగిలినచోట మండవచ్చు. జాబితాలో నీటి తర్వాత రెండో మూడో పేరు గ్లిజరిన్ అయితే ఆ సీసాను పక్కన పెట్టి ఉంచండి. తర్వాతది యూరియా. ఆ పేరు వినగానే పొలంలో చల్లే బస్తా గుర్తొచ్చి ముఖం చిట్లించకండి. మన చర్మంలో సహజంగానే ఉండే పదార్థం ఇది. నూటికి 5 నుంచి 10 పాళ్ళున్న యూరియా క్రీము కాళ్ళకూ చేతులకూ ఎంతో మేలు చేస్తుంది. గట్టిపడిన మడమలకు 20 పాళ్ళు, ఆపైన ఉన్నవి వాడతారు. అవి ముఖానికి రాయకండి, నెత్తురు కనిపించే పగుళ్ళమీద అసలు రాయకండి. ఎరువు యూరియాతో ఇంట్లో ప్రయోగాలు చెయ్యవద్దని వేరే చెప్పాలా?

బీటలు పూడ్చే రకానికి వస్తే సెరమైడ్లున్న క్రీములు నిజంగానే మంచివి. ధర ఎక్కువ గనుక ముఖానికీ, మెడకీ వాడుకుని, కాళ్ళకు చవకది వాడితే తప్పులేదు. నియాసినమైడ్ అనే బి విటమిన్ కూడా చర్మం తన సెరమైడ్లను తానే తయారు చేసుకోవటానికి తోడ్పడుతుంది.

మూతపెట్టే వాటిలో పెట్రోలియం జెల్లీని మించినది లేదు. అమెరికాలో చీజ్‌బ్రో అనే ఆయన 1872లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇన్నేళ్ళయినా దీన్ని ఓడించే మూత రాలేదు. లేబిల్ మీద పెట్రోలాటమ్ అని ఉంటుంది. జిడ్డుగా ఉంటుందని ఇష్టపడనివాళ్ళు లిక్విడ్ పారాఫిన్ గాని, డైమెథికోన్ గాని ఉన్న క్రీము చూసుకోవచ్చు. కొబ్బరినూనె కూడా ఈ పనికి పనికొస్తుంది. ఖరీదైనది గనుక ఆలివ్ నూనె మేలనుకోకండి. దానివల్ల చర్మపు గోడ ఇంకా దెబ్బతింటుందని 2013లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధనలో తేలింది.

ఇక కొల్లాజెన్ క్రీముల మాట. కొల్లాజెన్ అణువు చాలా పెద్దది. పైన రాస్తే లోపలికి దిగదు, పైనే ఉండి కాస్త తేమను పట్టి ఉంచుతుంది. ఆ పని గ్లిజరిన్ పదోవంతు ఖర్చుతో చేస్తుంది. రెటినాల్ ముడతల్ని కొంత తగ్గించే మాట నిజమే గాని, చర్మాన్ని ఎండగడుతుంది. పొడి, దురద సర్దుకునేదాకా దాని జోలికి పోకపోవటం మంచిది. సువాసనలు కూడా పడకపోవచ్చు. జాబితాలో పర్ఫ్యూమ్, ఫ్రాగ్రెన్స్ అనే మాటలు లేనిదే తీసుకోండి.

ఎంత రాయాలి?

చాలామంది పొరపడేది ఇక్కడే. చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబు పిండితే సుమారు అరగ్రాము వస్తుంది. ఒక చేతికి మొత్తం అలాంటివి నాలుగు, ఒక కాలికి పాదంతో సహా ఎనిమిది కావాలి. రెండు చేతులూ, రెండు కాళ్ళూ కలిపితే ఒక్కసారికి 12 గ్రాములు! రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల సీసా రెండు రోజుల్లో ఖాళీ. అందుకే, చెయ్యి బిగపట్టి వారానికోసారి చుక్క రాసుకునే ఖరీదైన సీసాకన్నా, ధారాళంగా వాడుకోగల పెద్ద డబ్బా నయం.

స్నానం గోరువెచ్చటి నీళ్ళతో పదినిముషాల్లో ముగించండి. సబ్బు చంకలకూ, గజ్జలకూ, పాదాలకూ చాలు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంటిమీద చెమ్మ ఉండగానే, రెండుమూడు నిముషాల్లో క్రీము రాసెయ్యండి. స్నానానికి ముందు ఒళ్ళంతా నూనె పట్టించి, ఆ నూనెను సున్నిపిండితో బరబరా రుద్ది వదలగొట్టటం మనకు అలవాటు. పొడి చర్మానికి అది మూత పెట్టి, మళ్ళీ మూత తీసి పారెయ్యటమే. ఆ నూనేదో స్నానం తర్వాత రాసుకోండి. అయితే పెద్దవాళ్ళకు స్నానాల గదిలో రాయకండి. జారిపడితే తుంటి ఎముక విరిగే వయసు అది. గదిలో కుర్చీలో కూర్చోబెట్టి రాయండి. పారాఫిన్ జిడ్డు పట్టిన చీరలూ, దుప్పట్లూ తేలిగ్గా అంటుకుంటాయి. పొయ్యి దగ్గరా, దీపారాధన దగ్గరా జాగ్రత్త అవసరం.

కొత్త క్రీమును ముందు మోచేతి మడతలో నాలుగు రోజులు రాసి చూడండి. ఎర్రబడితే మానెయ్యండి. మందులషాపులో "దురదకు ఏదైనా ఇవ్వు" అని అడిగి స్టెరాయిడ్ కలిసిన ట్యూబు తెచ్చుకోవద్దు. రెండు రోజులు హాయిగా ఉన్నా, వాడగా వాడగా అసలే పలచబడిన చర్మం ఉల్లిపొరలా తయారవుతుంది. ఇలాంటి 14 రకాల పూతమందులకు డాక్టరు చీటీ ఉండాలని 2018లో కేంద్రప్రభుత్వం నిబంధన పెట్టింది కూడా.

రెండుమూడు వారాలు ఇలా శ్రద్ధగా రాసినా దురద తగ్గకపోతే అది ఒట్టి పొడితనం కాకపోవచ్చు. మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్, మధుమేహం, రక్తహీనత, వీటిలో దేనివల్లనైనా ఒళ్ళు దురద పెట్టవచ్చు. రక్తపరీక్షలు అవసరమవుతాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రాత్రిపూట దురద మొదలైతే గజ్జి అని అనుమానించాలి. దానికి క్రీములు పనిచెయ్యవు, అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి. మధుమేహం ఉన్నవాళ్ళు పాదాలకు రోజూ క్రీము రాయండి గాని, వేళ్ళ సందుల్లో రాయకండి, అక్కడ చెమ్మ నిలిచి పాచిపోతుంది. మడమ పగిలి ఎర్రబడినా, చీము కనిపించినా, నొప్పి లేదుకదా అని ఊరుకోక ఆ రోజే డాక్టరుకు చూపించండి.