ఇంజనులోనికి ఒక కన్ను

మోటారు వాహనము గల ప్రతి గృహస్థుడును ఎప్పుడో ఒకప్పుడు ఒక మాట వినవలసివచ్చును: "ఇంజను విప్పి చూస్తేగాని చెప్పలేమండీ." ఆ మాటలో అసత్యము లేకపోవచ్చును. బండి పొగ విడుచుచున్నది, ఆయిలు తరిగిపోవుచున్నది, మిట్ట ఎక్కలేకున్నది. కారణము లోపల నున్నది, లోపల ఏమున్నదో బయటికి కానరాదు. కాని ఇంజను విప్పుట చిన్న పని కాదు. హెడ్డు దింపవలెను, గాస్కెట్టు క్రొత్తది వేయవలెను, బోల్టులను లెక్క ప్రకారము బిగింపవలెను. బండినే నమ్ముకొని బ్రదుకు టాక్సీ యజమానికి అవన్నియు సంపాదన లేని దినములు. అన్నియు విప్పిన పిదప లోపల దోషమేమియు లేదని తేలినచో, ఆ వ్యయమును ఆ కాలమును ఎవరు తిరిగి యిత్తురు?

ఈ చిక్కును చాలవరకు తీర్చు పరికర మొకటి నేడు మన మరమ్మతు షెడ్లలోనికి వచ్చియున్నది. అదియే వీడియో తనిఖీ కెమెరా. దీనికి బోరోస్కోపు అని పేరు. బోరు అనగా గొట్టము లోపలి రంధ్రము. దానిలోనికి చూచునది కనుక ఆ పేరు వచ్చినది. మన మెకానిక్కులును సిలిండరును బోరనియే పిలుచుచున్నారు గదా! సన్నని తీగ చివర కందిగింజంత కెమెరా, దాని చుట్టును చిన్న దీపములు, రెండవ కొనయందు చిత్రమును చూపు తెర, స్థూలముగా పరికరమింతే. స్పార్కు ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రము గుండ దీనిని లోనికి దింపినచో, హెడ్డు కదపకయే పిస్టను తలయు సిలిండరు గోడలును కన్నులార చూడవచ్చును.

ఈ కన్ను మొదట యంత్రముల కొరకు పుట్టలేదు. మానవశరీరము కొరకు పుట్టినది. 1806 ప్రాంతమున జర్మనీ దేశపు వైద్యుడు ఫిలిప్ బొజ్జీని కొవ్వొత్తి వెలుగును అద్దముతో మరలించి శరీరాంతర్భాగములను చూచు సాధనమును నిర్మించెను. అది వంగని గొట్టము. వంకర దారులలో చూపును నడిపించుటకు మరి నూటయేబది సంవత్సరములు వేచియుండవలసివచ్చినది. 1954లో లండను ఇంపీరియల్ కళాశాలలో హెరాల్డ్ హాప్కిన్సును, పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీయు వేలకొలది గాజు పోగులను కట్టగట్టి, వాని గుండ చిత్రమును వంపులలో సయితము పంపవచ్చునని 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో బాయిల్, స్మిత్ అను ఇరువురు, వెలుగును విద్యుత్సంకేతముగా మార్చు సీసీడీ అను చిప్పును కనుగొనిరి. 2009లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వారికి లభించినది. అటుపై చిత్రము గాజుపోగుల గుండ ప్రయాణము చేయవలసిన పని తప్పినది. కెమెరాయే తీగ కొనకు చేరినది. నేటి చౌక కెమెరాలలో నుండునది తరువాతి తరమునకు చెందిన చిప్పు. మన సెల్‌ఫోనులలోనిదియు ఆ జాతిదే. ఒకనాడు ఆసుపత్రులకును విమానశాలలకును పరిమితమైన పరికరము వీధి చివర షెడ్డునకు చేరుటకు ఈ చౌకదనమే కారణము.

ఇక దీనిని ఎన్నుకొనుట ఎట్లు? అంగడిలో పదుల కొలది రకములున్నవి. వాని డబ్బాలపై తాటికాయలంత అక్షరములతో నుండునది పిక్సెళ్ల సంఖ్య. మేము దానిని చివరకు చూడుమందుము. ముందుగా చూడవలసినది కెమెరా తల లావు. మన కారులలో తరచుగా కనబడు స్పార్కు ప్లగ్గు మర 14 మిల్లీమీటర్లు. క్రొత్త కారులలోను మోటారు సైకిళ్లలోను 12, 10 మిల్లీమీటర్లవియు కలవు. మర కొలత పైది, లోపలి దారి అంతకన్న సన్నము. కావున 8 మిల్లీమీటర్ల తల పెద్ద రంధ్రములకు చాలినను, అన్నిటికిని చాలదు, 5.5 మిల్లీమీటర్ల తల చాల పనులకు అనుకూలించును. డీజిలు ఇంజనులో గ్లో ప్లగ్గు రంధ్రము గుండ చూడవలెనన్నచో 4 మిల్లీమీటర్లకు లోబడినది కావలసివచ్చును.

రెండవది చూపు దూరము. ఈ చిన్న కెమెరాలలో పెక్కింటికి చూపును సవరించుకొను శక్తి లేదు. ఒక నిర్ణీత దూరములో నున్న వస్తువే స్పష్టముగా కనబడును. కారు సిలిండరు వ్యాసము సాధారణముగా ఏడెనిమిది సెంటీమీటర్లు. కాబట్టి రెండు మూడు సెంటీమీటర్ల దూరమునుండియే స్పష్టముగా చూపు కెమెరా మనకు కావలెను. దీనిని పరీక్షించుటకు ఇంటిలోని స్టీలు గ్లాసు చాలును. వార్తాపత్రిక ముక్క నొకదానిని గ్లాసు లోపలి గోడకు అంటించి, కెమెరాను దింపి, చిన్న అక్షరములు చదువుటకు వచ్చుచున్నవో లేదో చూడుడు. అక్షరములు మసకగా నున్నచో, డబ్బాపై ఎన్ని పిక్సెళ్లు వ్రాసియున్నను అది మన పనికి రాదు. గ్లాసు మెరుపువలన చిత్రము తెల్లబారినచో దీపమును తగ్గించి చూడుడు. వెలుగును తగ్గించు ఏర్పాటు లేని కెమెరా నూనె తడిసిన మెరుపు గోడలను చూపజాలదు.

మూడవది మెడ. తిన్నగా ముందునకే చూచు కెమెరా పిస్టను తలను చూపును గాని, పైన హెడ్డులోనున్న వాల్వులను చూపలేదు. వాల్వులను చూడవలెనన్నచో కెమెరా లోనికి దిగి, మెడ త్రిప్పి, తాను వచ్చిన దారివైపే తిరిగి చూడవలెను. మెడ వంగు రకములు ఖరీదైనవి. దినదినము ఇంజనులు చూచు మెకానిక్కునకు ఆ ఖర్చు తగినదే. ఏడాదికి రెండు మారులు చూచుకొను గృహస్థునకు తిన్నని కెమెరా చాలును. తలకు తగిలించు చిన్న అద్దములు, కొక్కెములు, అయస్కాంతములు కెమెరాతో పాటు ఇత్తురు. వానిని సిలిండరులోనికి దింపరాదని మా గట్టి సలహా. అవి ఊడి లోపల పడినచో, ఏ హెడ్డును విప్పకుండుటకై కెమెరా కొంటిమో ఆ హెడ్డునే విప్పవలసివచ్చును.

నీటిలో మునిగినను చెడదని వ్రాసియుండు ఐపీ 67 అను గుర్తును గూర్చి ఒక మాట. మీటరు లోతు నీటిలో అరగంటసేపు ఓర్చుకొనునని దాని భావము. అది తరచుగా తలకును తీగకును వర్తించునే గాని తెరపెట్టెకు కాదు. అందులో చెప్పినది నీటిని గూర్చియే గాని పెట్రోలును గూర్చి కాదు. సాధారణమైన కెమెరాను పెట్రోలు ట్యాంకులోనికి ఎన్నడును దింపరాదు. పెట్రోలు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలును.

ఉపయోగించుటలో మొదటి నియమము, ఇంజను చల్లారియుండవలెను. వేడికి చేయి కాలుటయే గాక, కెమెరా కటకమును పాడగును. ప్లగ్గు తీయుటకు ముందు దాని గుంటలోని దుమ్మును ఇసుకను గాలితో ఊదివేయవలెను. లేనిచో ఆ ఇసుక సిలిండరులో పడి గోడలను గీయును. తాళపుచెవి బండికి దూరముగా నుండవలెను. పిస్టను అడుగునకు దిగినప్పుడే గోడలు పూర్తిగా కనబడును. దానిని దింపుటకు ఇంజనును చేతితోనే, తిరుగవలసిన దిశకే, మెల్లగా త్రిప్పవలెను. త్రిప్పునప్పుడు కెమెరా బయట నుండవలెను. లోపల కెమెరా యుండగా స్టార్టరు నొక్కినచో తల తెగి లోపల పడును.

ఇక చిత్రమును చదువుట. అసలు విద్య ఇక్కడ నున్నది. మంచి సిలిండరు గోడపై ఒకదానినొకటి ఖండించుకొను సన్నని ఏటవాలు గీతలు కనబడును. అవి దోషములు కావు. ఆయిలును పట్టియుంచుటకై కర్మాగారములో కావలెనని గీసినవి. అవి అరిగిపోయి గోడ అద్దమువలె మెరయుచున్నచో అరుగుదల కలదని గ్రహింపవలెను. పైనుండి క్రిందికి నిలువు చారలున్నచో ఏదో గట్టి వస్తువు, లేక విరిగిన రింగు, గోడను గీసినదనుకొనవలెను. పిస్టను తలపై కొంత మసి సహజము. తడిసి జిడ్డుగా నున్న మసి, ఆయిలు పైకి వచ్చుచున్నదని సూచించును. తలపై నెలవంక వంటి గాట్లున్నచో వాల్వులు పిస్టనుకు తగిలినవి. టైమింగు బెల్టు తెగిన బండిలో ఇది తరచు కనబడు గురుతు.

వింతయైన సంగతి యొకటి కలదు. నాలుగు సిలిండర్లలో మూడింటి పిస్టనులు నల్లగా నుండి, నాలుగవది కడిగినట్లు శుభ్రముగా నున్నచో, ఆ శుభ్రమైనదియే అనుమానింపదగినది. గాస్కెట్టు గుండ రేడియేటరు నీరు కారి, ఆవిరియై, మసిని కడిగివేయుచుండవచ్చును. ఒక్క సిలిండరునే చూచినవాడు దానిని మంచి గురుతుగా పొరపడును. అందుచేత అన్నిటిని చూచి, పోల్చి, పిదప పలుకవలెను. ఒక చిత్రము సాక్ష్యము కాదు. నాలుగు చిత్రముల పోలికయే సాక్ష్యము.

దగ్గరనుండి చూచుటవలన చిన్న గీతయు తెరపై కాలువవలె కనబడును. ఆ చిత్రమును చూపి భయపెట్టువారును ఉండవచ్చును. దాని ప్రక్కనున్న కర్మాగారపు గీతలతో పోల్చి చూచినచో దాని నిజరూపము తెలియును. మరియు కెమెరా రూపమును చూపునే గాని ఒత్తిడిని కొలువదు. రింగుల బిగువు, బేరింగుల అరుగుదల, వెంట్రుకవాసి పగుళ్లు దానికి అందవు. కావున ముందు కంప్రెషను పరీక్ష, పిదప కెమెరా. ఏ సిలిండరులో బలము తగ్గినదో గేజి చెప్పును. ఏల తగ్గినదో కెమెరా చూపవచ్చును.

మన ప్రాంతములలో ఈ పరికరమునకు మరియొక ప్రయోజనము కూడ ఏర్పడినది. 2020 అక్టోబరులో హైదరాబాదును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను వరద ముంచినప్పుడు ఎన్నియో వాహనములు నీట నానినవి. గాలిని నొక్కవచ్చును గాని నీటిని నొక్కజాలము. సిలిండరులో నీరుండగా స్టార్టరు నొక్కినచో పిస్టను నీటికి కొట్టుకొని కనెక్టింగు రాడ్డు వంగును. అంతవరకు బాగుచేయదగిన ఇంజను ఆ ఒక్క క్షణములో చెడును. కావున మునిగిన బండిని స్టార్టు చేయక, బ్యాటరీ తీగ విప్పించి, ప్లగ్గులు తీయించి, కెమెరాతో ప్రతి సిలిండరును చూపించుకొనవలెను. నీరున్నచో ప్లగ్గులు లేకుండగనే చేతితో త్రిప్పి వెడలగొట్టవచ్చును.

పాత కారు కొనువారికిని ఇది తోడ్పడును. వరదలో మునిగిన కారును పైకి కడిగి మెరుగుపెట్టుట సులభము. ద్వారముల క్రింద నుండు బోలు దూలములలోని ఒండ్రును కడుగుట సులభము కాదు. నీరు పోవుటకై వానికుండు రంధ్రముల గుండ కెమెరాను పంపినచో ఒండ్రు చారలును, సముద్రతీరపు ఉప్పుగాలికి పట్టిన త్రుప్పును కనబడును. ఎయిర్‌బ్యాగుల తీగలున్న చోట్లను, విద్యుద్వాహనములలోని నారింజరంగు తీగల సమీపమును మాత్రము గృహస్థులు తాకరాదు. అది శిక్షణ పొందినవారి పని.

కెమెరా మీరు కొనకపోవచ్చును. అందరును కొనవలెననియు మేము చెప్పుట లేదు. కాని అడుగుట అందరి చేతిలోను ఉన్నది. "ఇంజను విప్పవలెను" అను మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు. కంప్రెషను ఎంత వచ్చినది? కెమెరాతో చూచితిరా? అన్ని సిలిండర్ల చిత్రములను, ఏది ఏ సిలిండరుదో వ్రాసి, చూపుదురా? నిజాయితీగల మెకానిక్కు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనడు. తన మాటకు సాక్ష్యము దొరికినదని సంతోషించును. మరమ్మతు ముగిసిన పిదప తీసిన చిత్రములను మునుపటి వానితో పోల్చి చూచుకొన్నచో, పని జరిగినదో లేదో యజమానికిని తెలియును. ఇంతకాలము ఇంజను లోపలి సంగతి మెకానిక్కు చెప్పగా మనము నమ్ముటయే గాని చూచుట లేకుండెను. ఇప్పుడు ఇరువురును ఒకే తెరను చూచుచు మాటలాడుకొనవచ్చును. విప్పవలసినది విప్పుటకును, విప్పనక్కరలేనిదానిని విడిచిపెట్టుటకును ఈ చిన్న కన్ను ఇరువురకును ధైర్యము నొసగును.