పసిడి గొప్పదా... కంచు గొప్పదా?

ఊరు ఆమదాలవలస. రైల్వే స్టేషన్ పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్డు! జిల్లా కేంద్రానికి వెళ్లేవాళ్లు అక్కడ రైలు దిగి, బస్సో ఆటోనో పట్టుకుని వెళ్లిపోతారు. సొంత పేరు స్టేషన్‌కి కూడా దక్కని ఆ ఊరి పేరు 2000 సెప్టెంబరు 19న దేశమంతా మారుమోగింది. పక్కనే ఉన్న ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి ఆరోజు సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమే. ఆ ఒలింపిక్స్‌లో మనదేశానికి వచ్చింది కూడా ఆ ఒక్క పతకమే.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. కానీ ఉత్తరాంధ్రలో బరువులెత్తేవాళ్ల దగ్గర ఈ కథ చెబితే అక్కడితో ఆగదు. 'అదేటి... అంతకు ముందే రెండుసార్లు బంగారం తెచ్చింది కదా! పసిడి కంటే కంచు గొప్పదా?' అనే ప్రశ్న వస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు వాదన. మల్లీశ్వరి గెలుపుల్లో ఏది పెద్దది? ఆ కాలంలో ఆమెకు పోటీగా నిలిచిన మణిపూర్ యోధురాలు కుంజరాణీ దేవి సంగతేంటి?

బలానికి సంబంధించిన ముచ్చట్లు ఈ నేలకి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గురించి తాతలు చెబితే విన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. అయితే ఆయన బలం సర్కస్ డేరాలో జనం కళ్లముందు చూపించిన బలం. మల్లీశ్వరిది కిలోల లెక్కలో, న్యాయనిర్ణేతల ముందు తేలిన బలం. అందుకే దానిమీద వాదించుకోవడానికి అంకెలున్నాయి.

తండ్రి రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్. పన్నెండేళ్ల వయసులో మల్లీశ్వరి వ్యాయామశాల గుమ్మం తొక్కింది. కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర అప్పటికే సాధన చేసేవాళ్లున్నారు. ఈ పిల్ల మరీ బక్కగా ఉంది, బరువులకు పనికిరాదన్నారట! తల్లి శ్యామల మాత్రం నువ్వు చేయగలవంటూ వెనక్కి తగ్గనివ్వలేదు. ఆ తల్లి మొండితనం లేకపోతే మనకీ వాదనే లేదు.

1993లో మెల్‌బోర్న్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 54 కిలోల విభాగంలో కాంస్యం. మరుసటి ఏడాది అక్టోబరులో హిరోషిమా ఆసియా క్రీడల్లో రజతం, నవంబరులో ఇస్తాంబుల్ ప్రపంచ పోటీల్లో స్వర్ణం. వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రపంచ విజేత అయిన తొలి భారతీయ మహిళ అప్పటికి పందొమ్మిదేళ్ల పిల్ల. 1995లో చైనాలోని గ్వాంగ్జౌలో మళ్లీ స్వర్ణం. 1996లో వార్సాలో కాంస్యం. అంటే వరసగా నాలుగేళ్లు ప్రపంచ పోటీల నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చింది లేదు.

మరి ఈ రెండు బంగారాలూ జనానికి ఎందుకు గుర్తులేవు? ఒక్కటే కారణం. ఒలింపిక్స్‌లో మగవాళ్లు మొదటినుంచీ బరువులెత్తుతున్నా, ఆడవాళ్లకు ఆ అవకాశం సిడ్నీలోనే మొదటిసారి వచ్చింది. 1994లో, 95లో ఒక మహిళా లిఫ్టర్ ఎక్కగలిగిన ఆఖరి మెట్టు ప్రపంచ ఛాంపియన్‌షిప్పే. దాని మీద ఇంకో మెట్టు లేదు. మల్లీశ్వరి ఆ మెట్టు రెండుసార్లు ఎక్కింది. కానీ మన ఇళ్లలో టీవీ ముందు కూర్చోబెట్టేది ఒలింపిక్సే కదా!

అదే కాలంలో కుంజరాణి మరో రకం చరిత్ర రాసింది. ఇంఫాల్‌కు చెందిన ఆమె మల్లీశ్వరికంటే ఏడేళ్లు పెద్ద. 1989లో మాంచెస్టర్ ప్రపంచ పోటీల్లోనే మూడు రజతాలు తెచ్చింది. అక్కడినుంచి 1997 దాకా ఏడు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో రెండో స్థానం... ఒక్కసారీ మొదటిది కాదు! ఇద్దరి విభాగాలూ వేరు కాబట్టి వేదిక మీద ఎదురెదురుగా తలపడింది లేదు. పోటీ అంతా పేరులోనూ, జట్టులో చోటు దగ్గరా. ఇద్దరికీ ఖేల్ రత్న దక్కింది. సిడ్నీ విమానం మాత్రం కుంజరాణికి దక్కలేదు. మల్లీశ్వరి ఎంపిక మీద అప్పట్లో విమర్శలు గుప్పుమన్నాయి. పెళ్లయింది, బరువు పెరిగింది, ఇక పాత మల్లీశ్వరి కాదన్నారు. కుంజరాణి పట్టు వదల్లేదు. ముప్పయ్యారేళ్ల వయసులో ఏథెన్స్ ఒలింపిక్స్‌కి వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం గెలిచింది. ఆమె అభిమానులకు ఆ బంగారం కంటే ఏడు వెండి పతకాల ఓపికే గొప్పగా కనిపిస్తే తప్పు పట్టలేం.

ఇక సిడ్నీ. అప్పటికి మల్లీశ్వరి పోటీపడుతున్నది 69 కిలోల విభాగంలో. తాను ప్రపంచ విజేత అయిన విభాగం కంటే పదిహేను కిలోలు పైన! మధ్యలో 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల్లో రజతం గెలిచినా, ఈ విభాగంలో ఆమె మీద ఆశలు పెట్టుకున్నవాళ్లు తక్కువే.

ఈ ఆటలో రెండు భాగాలు. బరువును నేలమీద నుంచి ఒక్క ఊపులో తలపైకి లేపడం స్నాచ్. ముందు భుజాల మీదకు తెచ్చుకుని, ఆ తర్వాత పైకి ఎత్తడం క్లీన్ అండ్ జెర్క్. ఒక్కోదాంట్లో మూడేసి ప్రయత్నాలు. రెండింట్లోనూ ఎత్తిన అత్యధిక బరువులు కలిపితే మొత్తం. మల్లీశ్వరి స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. 130 కిలోలంటే అయిదు పాతిక కిలోల బియ్యం బస్తాలు, వాటిమీద ఇంకో అయిదు కిలోలు. మొత్తం 240. చైనా అమ్మాయి లిన్ వీనింగ్, హంగరీకి చెందిన మార్కుస్ ఇద్దరూ 242.5 దగ్గర సమానంగా నిలిచారు. ఒంటి బరువు తక్కువున్న లిన్‌కి స్వర్ణం దక్కింది.

మల్లీశ్వరికి ఆఖరి ప్రయత్నం ఒకటి మిగిలే ఉంది. దానికి బార్ మీద పెట్టించింది 132.5 కాదు, 135 కాదు... ఏకంగా 137.5 కిలోలు! లేస్తే మొత్తం 247.5. తిరుగులేని స్వర్ణం. లేవలేదు. పాతికేళ్లు దాటినా ఆ అంకె దగ్గర చర్చ ఆగలేదు. ఫలితాల పట్టిక ముందు పెట్టుకుని లెక్కేస్తే 135 లేపినా బంగారమే. 132.5 లేపితే ముగ్గురూ సమానమై, ఒంటి బరువుల దగ్గర తేలేది. శిక్షకుల లెక్క తప్పిందని కొందరంటారు. కంచు చేతిలో ఉండగా పసిడికి చెయ్యి చాపకపోతే ఆమె మల్లీశ్వరే కాదని ఇంకొందరంటారు.

ఇంతకీ ఏది పెద్దది? పేరు తెచ్చింది సిడ్నీ. అందులో రెండో మాట లేదు. విమర్శల మధ్య, కొత్త విభాగంలో, దేశం మొత్తానికీ ఒకే ఒక్క పతకం కావడం మామూలు విషయం కాదు. కానీ ఆటగా చూస్తే గ్వాంగ్జౌ ముందు సిడ్నీ కాస్త తగ్గుతుంది. ఒకసారి ప్రపంచ విజేత కావడం వేరు, ఏడాది తిరిగాక అదే విభాగంలో ఆ కిరీటాన్ని నిలబెట్టుకోవడం వేరు. అదీ మహిళల లిఫ్టింగ్‌కి పుట్టినిల్లులాంటి చైనా గడ్డ మీద! ఆ గెలుపు ఎంత అరుదైనదో తెలియాలంటే ఒక లెక్క చాలు. ఆ తర్వాత ప్రపంచ పోటీల్లో మనదేశానికి మళ్లీ బంగారం రావడానికి 22 ఏళ్లు పట్టింది. 2017లో అమెరికాలోని అనాహైమ్‌లో మీరాబాయి చాను గెలిచేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

విజయనగరం జిల్లావాళ్లకు ఈ వాదనలో చెప్పుకోవడానికి వేరే పేరుంది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలెత్తి మూడో స్థానంలో నిలిచింది. కాంస్యం అందుకున్నాక, మొదటి స్థానంలో వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోవడంతో సంతోషి పతకం వెండి అయింది. ఎత్తిన బరువు మాత్రం అదే... 188 కిలోలు!