శనగ వేరులో నెత్తుటి చుట్టం

పాణ్యం, నంద్యాల నల్లరేగడి చేలల్లో రబీకి శనగ విరివిగా వేస్తారు. పూత దశలో ఒక మొక్కను మట్టితో సహా పెకలించి, వేళ్లకున్న బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ది. బుడిపెలో ఉండే రైజోబియం కోవకు చెందిన బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది. ఆ మార్పు చేసే ఎంజైముకు ఆక్సిజన్ గిట్టదు. బ్యాక్టీరియా బతకాలంటే మాత్రం ఆక్సిజన్ కావాలి. అందుకే ఈ ఎర్ర ప్రొటీన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి కొద్దికొద్దిగా అందిస్తుంది. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్ దీనికి చుట్టమే. రెండింటిలోనూ ఇనుమున్న హీమ్ అనే భాగం ఉంటుంది. రెండు ప్రొటీన్లూ మడతపడే తీరూ ఒకటే.

పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టేనా? అవసరం ఒకటే కాబట్టి ప్రకృతి రెండుచోట్లా విడివిడిగా ఒకే ఉపాయం పన్ని ఉండవచ్చు కదా? న్యాయమైన ప్రశ్నే. జవాబు జన్యువుల అమరికలో ఉంది. మన గ్లోబిన్ జన్యువుల మధ్యలో ఇంట్రాన్లనే రెండు అడ్డుముక్కలుంటాయి. ప్రొటీన్ తయారయ్యేలోపే కణం వాటిని కత్తిరించి పారేస్తుంది. సోయా చిక్కుడు లెగ్‌హిమోగ్లోబిన్ జన్యువులో అలాంటివి మూడున్నట్టు 1981లో తేలింది. వాటిలో రెండు, సరిగ్గా మన జన్యువులో ఉన్న చోట్లనే ఉన్నాయి. ప్రొటీన్‌లోకే చేరని ముక్కల స్థానాన్ని ప్రొటీన్ చేసే పని నిర్ణయించదు. అది వారసత్వంగా వచ్చిందనడమే సబబు.

జంతువుల జన్యువే ఎప్పుడో చిక్కుడు జాతిలోకి చొరబడిందేమోనన్న అనుమానం శాస్త్రవేత్తలకూ ఒకప్పుడు వచ్చింది. తర్వాత వేరుబుడిపెలే లేని బార్లీలో, వరిలో కూడా హిమోగ్లోబిన్లు దొరకడంతో అది నిలవలేదు. బ్యాక్టీరియాలో ఇలాంటి ఇంట్రాన్ల సాక్ష్యం దొరకదు. అయినా విట్రియోసిల్లా అనే బ్యాక్టీరియా హిమోగ్లోబిన్ నిర్మాణక్రమాన్ని 1986లో చదివినప్పుడు, అదీ ఈ కుటుంబానిదేనని తెలిసింది. ఈస్ట్‌లోనూ ఇదే వంశపు ప్రొటీన్ ఉంది. అంటే మొక్కలూ జంతువులూ వేరుపడక ముందే ఈ జన్యువంశం ఉంది.

అయితే మనిషీ శనగమొక్కా ఒకటేనా? కాదు. పాత జన్యువును ఒక్కో జీవి ఒక్కో పనికి మలచుకుంది. మరికొన్ని జన్యువుల విషయంలో ఆ పని కూడా మారలేదు. కణవిభజనను నడిపే ఒక ఈస్ట్ జన్యువు చెడిపోతే, దాని స్థానంలో మనిషి జన్యువు ఆ పని చేయగలదని 1987లో శాస్త్రవేత్త పాల్ నర్స్ బృందం చూపింది. క్యాన్సర్‌లో అదుపు తప్పేది ఈ కణవిభజనే. కాబట్టి ఈస్ట్ మీద, మట్టిలోని బ్యాక్టీరియా మీద చేసే పరిశోధనకు పెట్టే ఖర్చు వృథా కాదు. అది మన ఆరోగ్యం కోసం పెట్టే ఖర్చే.